పాత స్పైడర్‌ను అమ్మేముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో ఉంటున్న పాఠకులవి. దాదాపు అన్నీ పాత ఇటాలియన్ కన్వర్టిబుల్ కార్ల అమ్మకం గురించే, అందులోనూ ఆల్ఫా రోమియో స్పైడర్‌దే పైచేయి. ఈ బండి తెలియనివారి కోసం రెండు ముక్కలు: 1966 జెనీవా మోటార్ షోలో బయటికొచ్చింది. పినిన్‌ఫరీనా డిజైన్. అసలు ఒడ్డూపొడుగూ పెద్దగా మారకుండా 1990ల మొదటి దాకా తయారైంది. 1969 వరకు వచ్చినవాటికి తోక గుండ్రంగా ఉంటుంది. 1970 నుంచి తోకను నిలువుగా కోసేశారు. 1983 నుంచి వెనక నల్ల రబ్బరు స్పాయిలర్ చేరింది. 1990 తర్వాతి నాలుగో సిరీస్‌లో ఆ రబ్బరు పోయి, బంపర్లు బాడీ రంగులోకి వచ్చాయి. ధర మాట్లాడేటప్పుడు ఈ తేడాలన్నీ లెక్కలోకి వస్తాయి.

ప్రశ్న: మా దగ్గర 1974 ఆల్ఫా 2000 స్పైడర్ వెలోచే ఉంది. ఎర్ర రంగు, క్రోమ్ బంపర్లు. ఎప్పుడూ గ్యారేజీలోనే పెడతాం. తలుపుల కింద రాకర్ ప్యానెళ్ల మీద రెండు మూడు చోట్ల పెయింట్ పొంగింది. అమ్మేముందు బండి మొత్తానికి కొత్త పెయింట్ వేయిస్తే మంచి ధర వస్తుందని స్నేహితులు అంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: వద్దు. పాత బండి మీద కొత్త పెయింట్ కనిపించగానే కొనేవాడికి వచ్చే మొదటి అనుమానం, దాని కింద ఏముందోనని. అద్దాలు, బీడింగులు విప్పి, పాత పెయింట్ రేకు దాకా గీకి వేసే మంచి పనికి అయ్యే ఖర్చు అమ్మకంలో తిరిగి రాదు. చవకలో కానిస్తే రబ్బర్ల అంచున రంగు చారలు మిగిలి, ఉన్న ధర కూడా దిగిపోతుంది. ఇంజన్ సంగతి అలా కాదు. ఇంజన్‌కు చేయించిన పనిని కొలిచి చూపించొచ్చు, రసీదు చూపించొచ్చు. బాడీ పని మాత్రం కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. అందుకే ఎవరడిగినా మేం చెప్పేది ఒకటే: యాంత్రిక లోపాలు సరిచేయించి అమ్మండి, బాడీని ఉన్నది ఉన్నట్టుగా అమ్మండి.

ఇక ఆ పొంగులు. స్పైడర్‌కు ఇనుప పైకప్పు లేదు కాబట్టి బండి నడుము వంగకుండా కాసేది ఆ రాకర్లే. అది ఒంటి రేకు కాదు. బయటొకటి, లోపలొకటి, నడుమ ఇంకొకటి, మొత్తం మూడు పొరలు. బయట రూపాయి బిళ్లంత పొంగు కనిపించిందంటే లోపలి పొరలను తుప్పు అంతకంటే ఎక్కువే తిని ఉండొచ్చు. నీళ్లు చేరే దారులు ముఖ్యంగా రెండు. సీట్ల వెనక, టాపు మడిచే చోట ఉన్న కాలువకు నీళ్లు దిగే రంధ్రాలున్నాయి. అందులో ఆకులు పేరుకుంటే ఆ నీళ్లు ఫ్లోర్ మీదికి, అక్కణ్నుంచి రాకర్లలోకి పోతాయి. రెండోది ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరి తొట్టి. దాని గొట్టాలు పూడుకుంటే డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంది. ఫ్లోర్‌కు ఫ్యాక్టరీలో అంటించిన తారు షీటు ఆ తడిని పట్టి ఉంచుతుంది. పైకి పొడిగా కనిపిస్తూనే కింద రేకు తుప్పు పడుతుంది.

కొనేవాళ్లు చేసే పరీక్షలు ముందు మీరే చేసి చూసుకోండి. ముందు చక్రం వెనకాల బలమైన చోట జాకీ వేసి, ఆ పక్క చక్రం నేల విడిచేదాకా లేపండి. ఇప్పుడు ఆ తలుపు తెరిచి మూయండి. మామూలుగా పడితే రాకర్‌లో సత్తువ ఉన్నట్టు. పట్టేసినా, తలుపుకీ వెనక రేకుకీ మధ్య సందు పైభాగాన ఇరుకైనా బండి నడుము వంగుతోందన్నమాట. అప్పుడది పెయింట్‌తో పోయే జబ్బు కాదు, వెల్డింగ్ పని. తర్వాత పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతంతో రాకర్లు, చక్రాల ఆర్చీలు, డిక్కీలో స్టెపినీ గుంట, బ్యాటరీ కూర్చునే చోటు, రేడియేటర్ కింది అడ్డపట్టీ అన్నీ తడమండి. అయస్కాంతం జారిపోయిన చోట పుట్టీ ఉన్నట్టు. పెయింట్ మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. అసలు పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది. రెండోసారి పెయింట్ వేసిన చోట దానికి రెండింతలు వస్తుంది. పుట్టీ ఉంటే అంకె ఏకంగా 1000 దాటొచ్చు.

ఈ కొలతలన్నీ ఒక కాగితం మీద, ఏ ప్యానెల్‌కు ఎంత వచ్చిందో రాసి ప్రకటనతో పాటు పెట్టండి. పొంగుల ఫోటోలు దగ్గర్నుంచి, వేలు పక్కన పెట్టి తీయండి. అప్పుడు సైజు తెలుస్తుంది. బండిని స్టాండ్ల మీద నిలిపి అడుగుభాగం ఫోటోలు ఓ ఇరవై, తివాచీలు ఎత్తి ఫ్లోర్ ఫోటోలు, డిక్కీ ఖాళీ చేసి గుంట ఫోటోలు తీయండి. మొత్తం వంద దాకా ఫోటోలున్నా ఎక్కువేం కాదు. తీసేముందు అడుగున నల్ల అండర్‌కోటింగ్ కొత్తగా కొట్టించాలని ఎవరన్నా చెబితే వినకండి. కొత్త పెయింట్ మీద పుట్టే అనుమానమే దాని మీదా పుడుతుంది.

మామూలు శుభ్రం మాత్రం నిక్షేపంగా చేయించుకోండి. పాత పెయింట్‌కు పాలిష్, క్రోమ్‌కు మెరుగు, ఇంజన్ గదిలో జిడ్డు తుడవడం. ఇంజన్ గదిని ప్రెషర్ వాటర్‌తో కడగొద్దు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) మూతలోకి నీళ్లు పోయాయంటే కొనేవాడు వచ్చిన రోజే బండి మొరాయిస్తుంది.

ప్రశ్న: మాది 1986 స్పైడర్. కూలెంట్ డబ్బాలో పైన గోధుమరంగు జిడ్డు తెట్టు కడుతోంది. ఇంజన్ వేడెక్కదు, పొగ రాదు, బాగా నడుస్తోంది. ఇలాగే చెప్పి అమ్మేయాలా, బాగు చేయించాలా?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: బాగు చేయించండి. ఆల్ఫా ట్విన్ క్యామ్ (వాల్వులను తెరిచే క్యామ్ కడ్డీలు రెండున్న) ఇంజన్‌లో ఇది పేరున్న జబ్బే. బ్లాక్ (ఇంజన్ కింది భాగం) నుంచి దాని మీద కూర్చునే హెడ్‌లోకి ఆయిల్ ఎక్కే దారుల చుట్టూ, ఆ రెంటి మధ్య పరిచే హెడ్ గ్యాస్కెట్‌లో చిన్న రబ్బరు రింగులుంటాయి. వేడికి అవి గట్టిపడి పట్టు వదిలేస్తాయి. ఆయిల్ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడి కన్నా చాలా ఎక్కువ కాబట్టి ఆయిలే నీళ్లలోకి తోసుకొస్తుంది. అందుకే చాలాసార్లు మొదట చెడేది కూలెంట్, ఆయిల్ శుభ్రంగానే ఉంటుంది. ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి నురగ ఒక్కటే కనిపిస్తే భయపడక్కర్లేదు. చలికాలంలో దగ్గరి దగ్గరి ప్రయాణాలకే వాడే బండిలో ఆవిరి చేరి అలా కడుతుంది, ఓ గంట హైవే మీద నడిపితే పోతుంది. డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిల్ మజ్జిగలా కనిపిస్తే మాత్రం విషయం పెద్దది.

ఇందులో సామాను ఖర్చు తక్కువ, చేతిపని ఖర్చు ఎక్కువ. అల్యూమినియం హెడ్ ఇనుప స్టడ్లకు తుప్పుతో అతుక్కుపోయి, ఒక్కోసారి రోజుల తరబడి రానంటుంది. మీ మెకానిక్‌ను మూడు విషయాలు అడగండి. హెడ్ చదునుగా ఉందో లేదో అంచు పట్టీతో చూశాడా? వంకరుంటే మెషిన్ షాపులో తీయించాడా? మూడోది చాలామంది మరిచిపోయేది: సిలిండర్ లైనర్ల ఎత్తు కొలిచాడా? ఈ ఇంజన్‌లో లైనర్లు (పిస్టన్లు తిరిగే గొట్టాలు) విడిగా కూర్చుంటాయి. వాటి పైఅంచు బ్లాక్ కన్నా మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు పైకి ఉండాలి. కిందికి దిగి ఉంటే కొత్త గ్యాస్కెట్ కూడా నిలవదు. హెడ్ ఎక్కించాక ఫ్యాక్టరీ చెప్పిన వరసలో, చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) నట్లు బిగించాలి. కొంత దూరం తిరిగాక చల్లటి ఇంజన్ మీద మళ్లీ ఒకసారి చూసి బిగించాలి.

ఆ తర్వాత కూలింగ్ దారులన్నీ జిడ్డు పోయేదాకా డిటర్జెంట్ నీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. నురగ ఎక్కువ రాని డిష్‌వాషర్ పొడి దీనికి బాగా పనికొస్తుంది. ఆయిల్ తగిలి ఉబ్బిన రబ్బరు గొట్టాలు మళ్లీ వాడొద్దు, అన్నీ మార్చేయండి. ఇవన్నీ రసీదులో ఒక్కో పద్దుగా రాయించుకోండి. “హెడ్ గ్యాస్కెట్ పని” అని ఒక్క ముక్క రాస్తే దాని విలువ సగమే.

చెప్పి అమ్మేయొచ్చు కదా అన్నారు. అది నిజాయితీయే, కాని కొనేవాడు గ్యాస్కెట్ ఖర్చు ఒక్కటే తగ్గించడు. హెడ్ పగిలిందేమో, బేరింగులు పోయాయేమో అని అన్నింటికన్నా చెడ్డ లెక్క వేసుకుంటాడు. మీరు బాగు చేయించి, పని అయ్యాక తీసిన కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) అంకెలు పక్కన పెడితే ఆ భయానికి చోటుండదు. కంప్రెషన్ కొలిచేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ విప్పి ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. అంకె పెద్దదా చిన్నదా అన్నది మీటరును బట్టి కొంత మారుతుంది. చూడాల్సింది నాలుగు సిలిండర్ల మధ్య తేడా. అది 10 శాతం లోపే ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు.

ఈ ఇంజన్ క్యామ్‌లను తిప్పేది గొలుసు, రబ్బరు బెల్టు కాదు. ఆ మాట ప్రకటనలో రాయండి. తెలిసినవాళ్లకు అది ఊరట.

ప్రశ్న: రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు కర్రుమంటుంది. గేర్ బాక్స్ విప్పించాలా?
– రాలీ, నార్త్ కరోలినా

జవాబు: అక్కర్లేదు. ఈ ఐదు గేర్ల బాక్సులన్నింటికీ రెండో గేరు సింక్రో రింగే (గేరు మారేటప్పుడు వేగాలు కలిపే రింగు) ముందు అరుగుతుంది. ఐదారు మైళ్లు నడిచాక శబ్దం పోతే ఆ మాట అలాగే రాయండి, ధరలో పెద్ద తేడా రాదు. వేడెక్కాక కూడా కర్రుమంటే, లేదా గేరు దానంతటదే జారి బయటికొస్తే అది వేరే కథ. ముందు గేర్ ఆయిల్ ఏం పోశారో చూడండి. సింక్రో రింగు రాపిడితో పట్టుకుని పనిచేసేది. మరీ జారుడు ఆయిల్ పోస్తే పట్టు దొరక్క కర్రుమంటుంది. నడిపేటప్పుడు సీటు కింద దడదడ వస్తుంటే గేర్ బాక్స్‌ను అనుమానించేముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు పోయే కడ్డీ) ముందున్న రబ్బరు కప్లింగ్, మధ్య బేరింగ్ చూడండి. రబ్బరు పగుళ్లిచ్చి ఉంటే మార్పించండి. పని చిన్నదే, కాని టెస్ట్ డ్రైవ్‌లో ఆ దడ ఒక్కటే బేరాన్ని చెడగొడుతుంది.

ప్రశ్న: నా 1978 స్పైడర్‌కు ముందటి యజమాని స్పీకా ఇంజెక్షన్ (ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఫ్యాక్టరీ అమరిక) తీసేసి వెబర్ కార్బొరేటర్లు పెట్టించారు. పాత సామాను అట్టపెట్టెలో ఉంది. బండి కత్తిలా నడుస్తుంది. అమ్మడానికి ఇబ్బంది ఉంటుందా?
– శాన్ హోసే, కాలిఫోర్నియా

జవాబు: మీరున్న రాష్ట్రం వల్ల ఉంటుంది. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ బళ్లకు స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్ష లేదు. 1976 నుంచి ఉంది. పైగా రాష్ట్రంలో అమ్మేటప్పుడు చెల్లుబాటయ్యే స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాడే. సర్టిఫికెట్ గడువు 90 రోజులు. పరీక్షలో గొట్టం నుంచి వచ్చే పొగే కాదు, ఫ్యాక్టరీ ఇచ్చిన ఎమిషన్ పరికరాలు ఉన్నాయా లేవా అని కూడా కళ్లతో చూస్తారు. వెబర్లు చూడగానే ఫెయిల్ చేస్తారు. 35 ఏళ్లు దాటి, కలెక్టర్ ఇన్సూరెన్స్ (సేకరణ బళ్లకు ఇచ్చే బీమా) ఉన్న బళ్లకు స్మాగ్ రిఫరీ (రాష్ట్రం తరఫు ప్రత్యేక పరీక్షకుడు) దగ్గర కుదించిన పరీక్ష ఒకటుంది, అక్కడ కూడా పొగ కొలత తప్పదు. బండికి బేరం పెట్టకముందే రిఫరీకి ఫోన్ చేసి మీ బండికి అది వర్తిస్తుందో లేదో తేల్చుకోండి.

లేదంటే దారులు రెండు. ఒకటి, ఇలాంటి పరీక్ష లేని రాష్ట్రంలో ఉన్నవాడికి అమ్మడం. ప్రకటనలో “ప్రస్తుతం కాలిఫోర్నియా స్మాగ్ సర్టిఫికెట్ రాదు” అని మొదటి పేరాలోనే రాయాలి. రెండోది, స్పీకా మళ్లీ ఎక్కించడం. ఇది చేతనైనవాడి దగ్గరే చేయించాలి. స్పీకా పంపు ఇంజన్ ముందు కింద ఉంటుంది. క్రాంక్ నుంచి పళ్ల బెల్టుతో తిరుగుతుంది. లోపల నాలుగు సిలిండర్లకు నాలుగు ప్లంజర్లు (పెట్రోల్‌ను తోసే చిన్న పిస్టన్లు). అట్టపెట్టెలో ఏళ్లు పడి ఉన్న పంపు ప్లంజర్లు పాత పెట్రోల్ జిగురుకు పట్టేసి ఉండొచ్చు. ఎక్కించేముందు స్పీకా తెలిసిన షాపుకు పంపి పరీక్ష చేయించండి. బెల్టు కొత్తది వేయండి. పెట్రోల్ ఫిల్టర్లు మార్చండి, పంపు ఆయిల్‌కున్న చిన్న ఫిల్టర్‌ను మరిచిపోకండి. ఎక్కువగా చెడేది థర్మోస్టాటిక్ యాక్చువేటర్. కూలెంట్ వేడిని బట్టి అది సాగాలి. దాంట్లోని ద్రవం కారిపోయిందంటే ఇంజన్ ఎంత వేడెక్కినా పంపు చల్లగా ఉందనే అనుకుని ఎక్కువ పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. నల్లటి పొగ, ఆయిల్‌లో పెట్రోల్ వాసన దాని గుర్తులు. అలాగే నడిపితే పెట్రోల్ కలిసిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది.

ఏ దారి పట్టినా ఆ అట్టపెట్టె బండితోనే పోవాలి. ఒక్కో భాగాన్ని పేపరు మీద పరిచి ఫోటో తీయండి. స్పీకా సామాను పూర్తిగా ఉన్న పెట్టె బేరంలో మీకు బలమైన పట్టు. దాన్ని విడిగా అమ్ముకుందామన్న ఆశ పడకండి.

ప్రశ్న: 1991 స్పైడర్ వెలోచే, ఆటోమేటిక్. మొదటి నుంచి మా కుటుంబానిదే. ధర ఎలా నిర్ణయించాలి, ఎక్కడ అమ్మాలి?
– ఆస్టిన్, టెక్సస్

జవాబు: అడుగుతున్న ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. వేలం సైట్లలో పాత వేలాల ఫలితాలన్నీ కనిపిస్తాయి. మీ సిరీస్‌వి, మీ గేర్ బాక్స్‌వి, గత ఏడాదిలో అమ్ముడైనవి పదో పన్నెండో తీసి, ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. పాత కార్ల బీమా కంపెనీ హ్యాగర్టీ వాళ్ల విలువల పట్టికలో ఒకటి నుంచి నాలుగు దాకా స్థితి అంకెలుంటాయి. ఒకటి ప్రదర్శనకు నిలబెట్టేది, రెండు చాలా బాగున్నది, మూడు రోజూ నడుపుకోగల మంచి బండి, నాలుగు అక్కడక్కడా లోపాలున్నది. సొంతదారులందరూ తమది రెండో అంకె అనుకుంటారు. బాగా చూసుకున్న బళ్లలో అత్యధికం మూడే.

స్పైడర్లలో గుండ్రటి తోకవాటికి గిరాకీ ఎప్పుడూ ముందుంటుంది, ఆ తర్వాత 1974 దాకా వచ్చిన క్రోమ్ బంపర్లవి. మీ నాలుగో సిరీస్‌కు ఇష్టపడేవాళ్లు వేరే ఉన్నారు. పవర్ స్టీరింగ్, బాష్ ఇంజెక్షన్ ఉండటంతో ఎక్కి కూర్చుని వెళ్లిపోదాం అనుకునేవాళ్లు వాళ్లు. ఆటోమేటిక్‌కు ధర కొంత తగ్గుతుంది, అది తప్పదు. ఆ గుంపులో క్లచ్ తొక్కలేనివాళ్లు కూడా ఉంటారు, వాళ్లకు మీదే కావాలి. “ఆటోమేటిక్” అన్న మాట శీర్షికలోనే పెట్టండి. దాస్తే వేలం మధ్యలో బయటపడి నవ్వులపాలవుతుంది.

వేలం సైట్ల సంగతి: బ్రింగ్ ఎ ట్రైలర్‌లో వేలం వారం పాటు నడుస్తుంది. చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళుతుంది. కొనేవాడు పాట మీద 5 శాతం సైటుకు కట్టుకోవాలి కాబట్టి వాళ్లు ఆ మేరకు తగ్గించి పాడతారు. కార్స్ అండ్ బిడ్స్ 1980ల నుంచి వచ్చిన బళ్ల మీద దృష్టి పెట్టింది, అందువల్ల మీది అక్కడా నప్పుతుంది. ఎక్కడ పెట్టినా ఆ వారం మీకు సెలవు ఉన్నట్టే అనుకుని ప్రశ్నలకు ఏ రోజుకారోజు జవాబివ్వండి. “టైర్లు ఎప్పటివి?” అని అడిగితే టైరు పక్కన ముద్రించిన డాట్ సంఖ్య చివరి నాలుగంకెలు చెప్పాలి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు కొత్తగా ఉన్నా పదేళ్ల టైర్లు పాతవే. ఉదయాన్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసే వీడియో ఒకటి, నడుస్తుండగా ఆయిల్ ప్రెషర్ మీటర్ కనిపించే వీడియో ఒకటి తప్పకుండా పెట్టండి. వేడెక్కాక ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ మాత్రం నడుస్తుండగా) ప్రెషర్ బాగా పడిపోవడం ఈ ఇంజన్‌కు మామూలే, కాని వేగంలో పైకి లేవాలి. మీటరు మీద నమ్మకం లేకపోతే మెకానిక్ చేత మెకానికల్ గేజ్ తగిలించి కొలిపించి రాయండి. ఈ బళ్లలో ప్రెషర్ కన్నా ముందు సెండరే (మీటరుకు కొలత పంపే పరికరం) చెడుతుంది.

అమ్మడానికి కాలం వసంతం. బట్ట టాపు బండి మీద మనసు పోయేది ఎండ మొదలయ్యాకే.

ప్రశ్న: ఫియట్ స్పైడర్ 2000, 1981 మోడల్. పైన చెప్పే సలహాలు దీనికీ సరిపోతాయా?
– చికాగో

జవాబు: చాలావరకు. రెండు తేడాలు. దీని క్యామ్‌లను తిప్పేది రబ్బరు బెల్టు. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలే ప్రమాదం ఉంది కాబట్టి, ఎప్పుడు మార్చారో తేదీతో రసీదు లేకపోతే మార్పించే అమ్మండి. రెండోది, తుప్పు కోసం బానెట్ ఎత్తి ముందు షాక్ అబ్జార్బర్ల పైభాగం పట్టుకునే టవర్లను చూడండి. పగుళ్లుంటే ప్రకటనలో మొదటి వాక్యం అదే కావాలి.

ప్రశ్న: వెనక ప్లాస్టిక్ కిటికీ మసకబారింది. టాపు మొత్తం మార్చాలా?
– ఇర్వింగ్, టెక్సస్

జవాబు: టాపు చిరగకపోతే, కుట్లు ఊడకపోతే వద్దు. మసక పైపైనే ఉంటే ప్లాస్టిక్ పాలిష్‌తో, మెత్తటి గుడ్డతో, అడ్డంగా ఒకే దిశలో తుడవండి. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ తగలనివ్వకండి, ప్లాస్టిక్ ఇంకా పచ్చబడుతుంది. చలిలో టాపు మడిస్తే కిటికీ పెళుసై పగులుతుంది. ఫోటోల కోసం మధ్యాహ్నం ఎండలో కాసేపు ఉంచాకే దించండి.

ప్రశ్న: దూరం నుంచి ఒకాయన చూడకుండానే కొంటానన్నారు. క్యాషియర్ చెక్ (బ్యాంకు తన పేరుతో ఇచ్చే చెక్) పంపుతానంటున్నారు. ధర కన్నా కొంచెం ఎక్కువ రాసి, మిగిలింది ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు ఇమ్మంటున్నారు. నమ్మొచ్చా?
– నేపర్‌విల్, ఇలినాయ్

జవాబు: ఇక మాట్లాడకండి, అది మోసం. క్యాషియర్ చెక్ వేసిన మర్నాటికల్లా బ్యాంకు డబ్బు వాడుకోనిస్తుంది. అది దొంగ చెక్ అని తేలడానికి వారం పైనే పట్టొచ్చు. తేలాక మొత్తం మీ ఖాతాలోంచే వెనక్కి తీసుకుంటుంది. అప్పటికి “మిగిలింది” మీ చేతులతో మీరే పంపేసి ఉంటారు.

డబ్బు చేతులు మారే పద్ధతి ఇలా పెట్టుకోండి. దగ్గరివాడైతే అతని బ్యాంకు శాఖకే ఇద్దరూ వెళ్లండి, మీ కళ్లెదుటే చెక్ తీయించండి. దూరంవాడైతే వైర్ (బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా వచ్చే డబ్బు) రావాలి. వచ్చినట్టు మీ బ్యాంకుకు మీకు తెలిసిన నంబరుకే ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే బండి ట్రక్కు ఎక్కాలి. అతను పంపిన లింకులో ఉన్న ఎస్క్రో సైటును (బేరం ముగిసేదాకా డబ్బును మధ్యలో ఉంచే సైటు) వాడకండి. నగదు ఇస్తానంటే, 10,000 డాలర్లు దాటిన జమ గురించి బ్యాంకు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపుతుంది. అదేం నేరం కాదు, మీకు నష్టమూ లేదు. ఆ నివేదిక తప్పించుకుందామని ముక్కలు ముక్కలుగా వేయడమే నేరం.

టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద బ్యాంకు అప్పు పేరు ఇంకా ఉంటే ముందు దాని విడుదల కాగితం తెచ్చుకోండి. టైటిల్ మీద ఉన్న నంబరు, బండి మీద చెక్కిన నంబరు ఒక్కో అక్షరం సరిపోల్చండి. పాత బళ్లలో ఎప్పుడో ఒక గుమాస్తా వేసిన తప్పు అంకె దశాబ్దాలుగా కొనసాగుతుంటుంది, సరిదిద్దాలంటే వారాలు పడుతుంది. బిల్ ఆఫ్ సేల్ మీద “ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేదు” అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. 2010, అంతకు ముందు మోడళ్లకు ఓడోమీటర్ వెల్లడి ఫెడరల్ నిబంధన లేదు. అయినా మీ మీటరుకు ఐదంకెలే ఉంటే, లక్ష ఎన్నిసార్లు తిరిగిందో రసీదులను బట్టి తెలిసినంతవరకు రాయండి.

ఇలినాయ్‌లో నంబర్ ప్లేట్లు అమ్మినవారివే, విప్పి ఉంచుకోండి. న్యూజెర్సీలోనూ ప్లేట్లు బండితో పోవు. కాలిఫోర్నియాలో మామూలు ప్లేట్లు బండితోనే పోతాయి. అక్కడ అమ్మిన 5 రోజుల్లో డీఎంవీకి (రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు) బాధ్యత విడుదల నోటీసు పంపాలి. అది పంపకపోతే కొత్తాయన టోల్ బాకీలు, పార్కింగ్ జరిమానాలు మీ ఇంటికే వస్తాయి.

టెస్ట్ డ్రైవ్‌కు ముందు వచ్చినవారి లైసెన్స్ ఫోటో తీసుకోండి. మీ కలెక్టర్ ఇన్సూరెన్స్ పాలసీ ఇతరులు నడపడాన్ని ఒప్పుకుంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మొదట మీరే నడిపి ఇంజన్, గేర్ బాక్స్ వేడెక్కించాకే స్టీరింగ్ ఇవ్వండి.

ప్రశ్న: బండి చరిత్ర నిరూపించడానికి ఏ కాగితాలు కావాలి? లాభం వస్తే పన్ను ఎంత?
– బెల్‌వ్యూ, వాషింగ్టన్

జవాబు: రసీదులన్నీ తేదీ వరసలో ఒక ఫైల్‌లో పెట్టి, పైన ఒక పేజీ సారాంశం రాయండి: తేదీ, మైళ్లు, చేసిన పని, షాపు. మిలాన్ దగ్గర ఆరేజేలో ఉన్న ఆల్ఫా రోమియో పత్రాల విభాగం, ఛాసీ నంబరును బట్టి బండి తయారైన తేదీ, అసలు రంగు, మొదట ఏ దేశానికి వెళ్లిందో తెలిపే సర్టిఫికెట్ ఇస్తుంది. ముందే దరఖాస్తు పెట్టండి. ఇప్పటి రంగు ఎరుపై, సర్టిఫికెట్‌లో తెలుపుంటే ఆ సంగతి మీరే ముందు చెప్పాలి. ఫ్యాక్టరీ ఎరుపు (రంగు కోడ్ ఏఆర్ 501) ను తర్వాత వేసుకున్న స్పైడర్లు చాలానే ఉన్నాయి. రెండు తాళం చెవులు, జాకీ, పనిముట్ల సంచి, యజమాని పుస్తకం ఉంటే అన్నీ ఒకే ఫోటోలో పెట్టండి.

పన్ను: ఏడాదికి పైగా ఉంచుకున్న ఇలాంటి సేకరణ వస్తువు మీద లాభానికి ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం. కొన్న ధరకు, బండి విలువ పెంచిన పెద్ద పనుల ఖర్చు కలుపుకోవచ్చు. ఆయిల్ మార్పిడి, బ్రేక్ ప్యాడ్ల లాంటి మామూలు ఖర్చులు కలవవు. సరదాకు ఉంచుకున్న బండి మీద నష్టమొస్తే మాత్రం అది చూపించి పన్ను తగ్గించుకోలేరు. మీ రాష్ట్ర లెక్క సీపీఏను (లైసెన్సు ఉన్న అకౌంటెంటును) అడగండి.

ప్రశ్న: అట్లాంటాలో ఉన్న మా తమ్ముడు 1986 స్పైడర్ అమ్మేస్తానంటున్నాడు. అమ్మే బదులు హైదరాబాద్‌కు తెప్పించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కుదరదమ్మా. వాడిన కారు మన దేశానికి రావాలంటే మూడేళ్ల లోపుది, కుడిచేతి స్టీరింగ్‌ది అయి ఉండాలి. మీ తమ్ముడి బండి రెండింటికీ పనికిరాదు. వింటేజ్ దారి కూడా ఇప్పుడు తెరుచుకోదు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేర్చిన నిర్వచనం ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటినది. దానికి ‘వీఏ’ అక్షరాల నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల ఫీజు. అలా రిజిస్టరైన బండిని కూడా రోజువారీ తిరగడానికి రోడ్డెక్కించకూడదు. ఇక దిగుమతి సుంకాలు, పన్నులు కలిపితే బండి ధరనే దాటిపోతాయి. అక్కడే అమ్మమనండి. 1986 బండికి బాష్ ఎల్-జెట్రానిక్ ఇంజెక్షన్ ఉంటుంది. ఐడిల్‌లో ఇంజన్ ఎగుడుదిగుడుగా ఉంటే గాలి మీటరుకీ థ్రాటిల్‌కీ మధ్యనున్న ముడతల రబ్బరు గొట్టాన్ని వంచి చూడమనండి. ముడతల అడుగున పగులుంటే కొలతకు రాని గాలి లోపలికి పోతుంది. గొట్టం మార్చి, ఆ రసీదు ఫైల్‌లో పెట్టి, అప్పుడు ప్రకటన ఇవ్వమనండి.